పిక్కలు పట్టేస్తే కాల్షియం మాత్రేనా?

"వైద్యులుగారూ, రాత్రిపూట పిక్కలు పట్టేస్తున్నాయి. కాల్షియం తగ్గిందేమో! ఏ మాత్ర వాడమంటారు?"

నా వైద్యశాలకు వచ్చే గృహిణులలోను, పదవీ విరమణ చేసిన పెద్దలలోను ఈ ప్రశ్న వేయనివారు అరుదు. ప్రశ్నలోనే రోగ నిర్ణయమూ, చికిత్సా రెండూ జరిగిపోయి ఉంటాయి. వైద్యునికి మిగిలింది మాత్ర పేరు చెప్పడమొక్కటే. వెంటనే చెప్పకపోతే కొందరికి అసంతృప్తి కలుగుతుంది. "పోనీ, మీ శాస్త్రంలో ప్రవాళం ఉంది కదా, అది సహజమైన కాల్షియమట, అదైనా ఇవ్వండి" అంటారు.

ఈ విషయంలో నా అభిప్రాయం ముందే మనవి చేస్తాను. కండరం పనిచేయడానికి కాల్షియం అత్యవసరం. ఇందులో సందేహం లేదు. కాని కండరం పట్టేసిన ప్రతిసారీ కాల్షియం మింగడం అనవసరం, ఒక్కొక్కప్పుడు ప్రమాదకరం కూడా. ఈ మాట కేవలం గ్రంథాలు చూసి వ్రాస్తున్నది కాదు. నా చేతి మీదుగా జరిగిన ఒక పొరపాటు నేర్పిన పాఠమిది. ఆ పొరపాటు సంగతి చెప్పే ముందు, కండరంలో కాల్షియం చేసే పని ఏమిటో పాఠకులు తెలుసుకోవాలి. అది తెలిస్తే మిగిలినదంతా సులభంగా బోధపడుతుంది.

చెరువు, తూము, ఏతం

పెద్దవారి దేహంలో కాల్షియం సుమారు ఒక కిలో ఉంటుంది. అందులో నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు ఎముకలలోను, దంతాలలోను ఉంటుంది. అక్కడ దాని పని గోడలో రాయి, సున్నం చేసే పని వంటిది. మిగిలిన ఒక్క పాలు రక్తంలోను, కణాలలోను ఉండి పూర్తిగా వేరొక పని చేస్తుంది. అక్కడ అది కబురు మోసే దూత. కండరంలో ముఖ్యంగా జరిగేది ఈ దూత పనే. మనం చేసే పొరపాటంతా ఈ రెండు పనులనూ ఒకటిగా భావించడంలోనే ఉంది.

కండర కణాన్ని ఒక మాగాణి పొలంగా ఊహించండి. పొలం పక్కనే చెరువు, చెరువుకు ఒక తూము, పొలంలోకి వచ్చిన నీటిని తిరిగి చెరువులోకి ఎత్తిపోసే ఏతం ఉన్నాయనుకోండి. కండర కణంలో ఆ చెరువు పలుచని సంచుల అల్లిక. శాస్త్రజ్ఞులు దానిని సార్కోప్లాస్మిక్ రెటిక్యులమ్ అంటారు. కణం వాడుకునే కాల్షియమంతా అందులో నిలవ ఉంటుంది. కండరం విశ్రాంతిగా ఉన్నప్పుడు పొలం దాదాపు ఎండి ఉంటుంది. కణం వెలుపలి ద్రవంలో ఎంత కాల్షియం ఉంటుందో, లోపలి ద్రవంలో దాదాపు పదివేలవ వంతు మాత్రమే విడిగా ఉంటుంది.

మీరు చెయ్యి ఎత్తాలనుకున్నారు. మెదడు నుంచి బయలుదేరిన ఆజ్ఞ నరం ద్వారా కండరాన్ని చేరి, కణం పైపొర మీద విద్యుత్ తరంగంగా వ్యాపిస్తుంది. ఆ పైపొర అక్కడక్కడ సన్నని గొట్టాలుగా లోపలికి చొచ్చుకొని పోయి ఉంటుంది. గొట్టాల వెంట తరంగం చెరువు గట్టు దాకా వెళుతుంది. గొట్టం గోడలో ఉన్న ఒక మాంసకృత్తు ఆ తరంగాన్ని పసిగట్టి, ఎదురుగా గట్టున ఉన్న తూమును తెరుస్తుంది. సెకనులో కొన్ని వేయవ వంతుల కాలంలోనే కాల్షియం పొలంలోకి ఉరుకుతుంది. అక్కడ ట్రోపోనిన్ అనే మాంసకృత్తు దాని కోసమే కాచుకొని ఉంటుంది. కాల్షియం వచ్చి అంటుకోగానే యాక్టిన్ అనే పోగు మీది అడ్డు తొలగిపోతుంది. మయోసిన్ అనే పోగు దానిని పట్టి లాగుతుంది. కండరం ముడుచుకుంటుంది, చెయ్యి లేస్తుంది.

ఇక సడలడం సంగతి. ముడుచుకోవడానికే శక్తి కావాలి, సడలడానికి అక్కరలేదు అని మనం అనుకుంటాం. అది నిజం కాదు. పొలంలోకి వచ్చిన కాల్షియాన్ని తిరిగి చెరువులోకి ఎత్తిపోసే వరకు కండరం సడలదు. ఆ ఏతం ఒక్కొక్క విడతకు రెండు కాల్షియం అయాన్లను ఎత్తుతుంది. విడతకు ఒక ఏ.టి.పి. ఖర్చవుతుంది. ఏ.టి.పి. అంటే మనం తిన్న ఆహారం నుంచి కణం తయారుచేసుకునే శక్తి నాణెం. మయోసిన్ తన పట్టు విడవడానికి కూడా ఆ నాణెమే చెల్లించాలి. ప్రాణం పోయిన కొన్ని గంటలకు దేహం కొయ్యబారడం మనమందరం చూసినదే. శక్తి అడుగంటి ఏతం ఆగిపోవడమూ, మయోసిన్ పట్టు విడవలేకపోవడమూ దానికి కారణం.

ఈ ఏర్పాటులో గమనించవలసినది ఒకటుంది. తూము నుంచి వచ్చిన నీరే ఏతం ద్వారా తిరిగి చెరువుకు చేరుతున్నది. అదే కాల్షియం మళ్ళీ మళ్ళీ వాడుకలోకి వస్తున్నది. దీర్ఘకాలంలో బయటి నుంచి కొంత రాకపోకలు ఉన్నప్పటికీ, ఒక్కొక్క కదలికకు కాలి కండరం బయటి కాల్షియం కోసం ఎదురుచూడదు. 1972లో కప్ప కండర తంతువుల మీద జరిపిన ప్రయోగాలలో, చుట్టూ ఉన్న ద్రవంలోని కాల్షియాన్ని దాదాపు పూర్తిగా బంధించివేసినా ప్రేరణకు అవి ముడుచుకుంటూనే ఉన్నాయి.

ఒప్పుకున్న తప్పు

ఇదంతా ఒక్క రోజులో తెలిసినది కాదు. ఆ కథకు మొదట్లో ఒక పొరపాటు ఉన్నది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు ఉండేవారు. నేడు ఆసుపత్రులలో ఎక్కించే 'రింగర్ లాక్టేట్' సెలైన్ సీసా మీద ఉన్నది ఆయన పేరే. దేహం నుంచి వేరు చేసిన కప్ప గుండె ఏ లవణాలు కలిపిన నీటిలో ఎక్కువసేపు కొట్టుకుంటుందో ఆయన పరీక్షించారు. తాను కనిపెట్టిన సంగతిని ప్రకటించారు. తరువాత తెలిసింది, ఆ ద్రావణం స్వేదన జలంతో కాక కుళాయి నీటితో తయారైనదని. స్వేదన జలం వాడి చూస్తే గుండె త్వరలోనే ఆగిపోయింది. కుళాయి నీటిలో ఉన్న కొద్దిపాటి కాల్షియమే అంతవరకు దానిని ఆడించింది. 1883లో రింగర్ తన మొదటి నిర్ణయం ఎందుకు తప్పో తానే వ్రాసి ప్రకటించారు. ఆ సవరణ నుంచే కాల్షియం శాస్త్రం మొలకెత్తింది.

గుండె కండరానికీ, కాలి కండరానికీ ఇక్కడే భేదం. గుండెకు ప్రతి స్పందనలోను వెలుపలి నుంచి కొంత కాల్షియం లోపలికి రావాలి. ఆ కొద్దిపాటి రాకే లోపలి తూమును తెరిపిస్తుంది. కాలి కండరం లోపలి చెరువు మీదనే ఆధారపడుతుంది. 1947లో అమెరికాలో హైల్‌బ్రన్, వియర్‌సిన్‌స్కీ అనే శాస్త్రజ్ఞులు కప్ప కండర తంతువులోకే వేర్వేరు లవణాలను సూదితో ఎక్కించి చూసినప్పుడు, దేహంలో సాధారణంగా ఉండే లవణాలలో కాల్షియమే దానిని ముడుచుకునేట్లు చేసింది. 1960 దశకంలో టోక్యోలో సెత్సురో ఎబాషి, ఆ కాల్షియాన్ని అందుకునే ట్రోపోనిన్‌ను కనిపెట్టారు.

రింగర్ కథ ఇక్కడ చెప్పడానికి నాకొక స్వంత కారణం ఉన్నది.

నా పొరపాటు

2019 ఎండాకాలం. చాలాకాలంగా నాకు పరిచయమున్న కుటుంబంలోని అరవై రెండేళ్ళ గృహిణి వచ్చారు. కడుపులో మంట, మలబద్ధకం, ఎంత తాగినా తీరని దాహం, తొడలలో నీరసం. "పీట మీద కూర్చుంటే చెయ్యి పట్టుకుని ఎవరైనా లేపాలండీ" అన్నారు. మధుమేహం లేదని రక్తపరీక్ష కాగితం చూపారు. నేను నాడి చూశాను, నాలుక చూశాను. వాతపిత్త ప్రకోపమని నిర్ణయించి, మంటకు ప్రవాళ పిష్టి, మలబద్ధకానికి త్రిఫల చూర్ణం ఇచ్చి పంపాను. ఎండలు తగ్గితే నీరసం తగ్గుతుందని ధైర్యం కూడా చెప్పాను.

రెండు వారాల తరువాత వారి కోడలు కంగారుగా వచ్చింది. అత్తగారికి వాంతులు, మాటలో పొంతన లేదు, మనుషులను సరిగా గుర్తుపట్టడం లేదు. అప్పుడు అడిగాను, మొదటి రోజే అడగవలసిన ప్రశ్న: "అమ్మా, ఆవిడ ఇంకేమి మందులు వాడుతున్నారు?" ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి బల్ల మీద గుమ్మరించింది. పిక్కలు పట్టేస్తున్నాయని మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుని, రోజూ రెండు పూటలా వేసుకుంటున్న కాల్షియం మాత్రలు. వాటితోపాటు అరవై వేల యూనిట్ల విటమిన్ డి పొట్లాలు. వారానికి ఒకటి వాడవలసిన ఆ పొట్లాన్ని ఆవిడ రెండు నెలలకు పైగా రోజుకొకటి చొప్పున పాలలో కలుపుకుని తాగుతున్నారు. బలానికే కదా, ఎక్కువైతే ఇంకా మంచిదనుకున్నారు.

ఆ సాయంత్రమే ఆసుపత్రికి పంపాను. రక్తంలో కాల్షియం డెసిలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. ఆవిడకు 13.8 ఉన్నది. మూత్రపిండాలు కూడా కొంత దెబ్బతిన్నాయి. సెలైన్ ఎక్కించి, మందులిచ్చి, పది రోజులు ఆసుపత్రిలో ఉంచుకున్నారు. పూర్తిగా తేరుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఆసుపత్రి వరండాలో ఆ కోడలు అడిగిన మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది: "మీరిచ్చిన పొడిలో కూడా కాల్షియమే ఉందటగదండీ, డాక్టరుగారు అడిగారు." నా దగ్గర జవాబు లేకపోయింది.

లెక్క చూస్తే, నేనిచ్చిన మోతాదులో కాల్షియం రోజుకు రెండు వందల మిల్లీగ్రాములకు మించదు. ఆవిడ ప్రమాదానికి ముఖ్య కారణం అది కాదు. కాని నిండి పొర్లుతున్న కుండలో నేనూ ఒక చెంబు పోశాను. అంతకన్న పెద్ద తప్పు అడగకపోవడం. దర్శనం, స్పర్శనం, ప్రశ్నం అని మన శాస్త్రం రోగి పరీక్షను మూడు విధాలుగా చెప్పింది. మా గురువుగారు నాడి మీద వేలు పెట్టే ముందు, నిన్న ఏమి తిన్నావు, ఎంత నిద్రపోయావు, ఎవరి మందు వాడుతున్నావు అని చాలాసేపు అడిగేవారు. నాకు హస్తవాసి మంచిదని నలుగురూ అనడం మొదలుపెట్టిన తరువాత నా ప్రశ్నలు తగ్గిపోయాయి. నాడి అన్నీ చెబుతుందన్న అహంకారానికి ఆవిడ మూల్యం చెల్లించారు.

నీరటికాడి సంగతి

కాల్షియం ఎక్కువైతే కండరానికి బలం పెరగాలి కదా, తొడలు ఎందుకు నీరసించాయి అని పాఠకులకు సందేహం రావచ్చు. మళ్ళీ మన చెరువు దగ్గరకే వెళదాం. తూము ఎప్పుడు తెరవాలో నిర్ణయించేది నీరటికాడు. ఇక్కడ ఆ నీరటికాడు నరం. రక్తంలో కాల్షియం నరం పైపొరను అదుపులో ఉంచుతుంది. అది మితిమీరితే నీరటికాడు మగతపడతాడు. ఆజ్ఞలు మందగించి కండరం నీరసిస్తుంది. అది బాగా పడిపోతే నీరటికాడు బెదిరినవాడై, ఎవరూ చెప్పకుండానే తూము తెరుస్తుంటాడు. చేతివేళ్ళు కొంకర్లు పోవడం, మూతి చుట్టూ తిమ్మిరి రావడం ఆ స్థితి లక్షణాలు. థైరాయిడ్ శస్త్రచికిత్సలో పక్కనున్న పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతిన్నవారిలో ఇది కనిపిస్తుంది. అక్కడ కాల్షియం ప్రాణదానమే. ఆ రోగికి నా వంటి వైద్యుడు చూర్ణం కట్టి ఇవ్వడం అపచారం; వెంటనే ఆసుపత్రికి పంపాలి.

అయితే ఇంటింటా వినిపించే రాత్రిపూట పిక్క పట్టు సామాన్యంగా ఈ కోవలోనిది కాదు. ఆహారంలో కాల్షియం తగ్గినా, దేహం ఎముకల నుంచి తీసి రక్తంలోని మట్టాన్ని నిలబెడుతుంది. నష్టం ఎముకకు జరుగుతుంది; పిక్క దానికి కొలబద్ద కాదు. పిక్క పట్టేసినప్పుడు చాలావరకు నరమే ఆగకుండా ఆజ్ఞలు పంపుతుంటుంది. నీరటికాడు పదేపదే తూము తెరుస్తుంటే చెరువులో ఇంకా నీళ్ళు పోసి ఏమి ప్రయోజనం? ఈ మధ్య మెగ్నీషియం మాత్రల మీద కూడా ఇటువంటి నమ్మకమే ప్రబలుతున్నది. వృద్ధుల పిక్క పట్టుకు వాటివల్ల చెప్పుకోదగిన మేలు కనిపించలేదని పరీక్షలు చెబుతున్నాయి.

కారణాలు వేరే వెదకాలి. వయసు, అలవాటులేని శ్రమ, ఎండలో నీరు చాలకపోవడం, గర్భధారణ, రక్తపోటుకు వాడే నీటి మాత్రలు, థైరాయిడ్ లోపం, మధుమేహం, మూత్రపిండాల వ్యాధి. వీటిలో ఏదైనా కావచ్చు. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్రల వల్ల కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. కొంత దూరం నడవగానే పిక్క నొప్పి వచ్చి, నిలబడితే తగ్గుతున్నదంటే రక్తనాళాలు పూడుకున్నాయేమో చూడాలి. విటమిన్ డి లోపంలోను తొడలు నీరసిస్తాయి, అది మితిమీరి కాల్షియం పెరిగినప్పుడూ తొడలు నీరసిస్తాయి. లక్షణం ఒకటే, చికిత్సలు పరస్పర విరుద్ధం. ఏది ఏదో రక్తపరీక్ష తేలుస్తుంది, ఊహతో తేలదు. ఆయుర్వేద వైద్యుడనై రక్తపరీక్షను సమర్థించడం కొందరికి వింతగా తోచవచ్చు. రోగికి మేలు చేసే ప్రతి సాధనమూ వైద్యునికి గ్రాహ్యమే.

మన వైపు లోపాలు

అల్లోపతి దుకాణాన్ని మాత్రమే తప్పుపట్టి ఊరుకుంటే ఈ వ్యాసం అసంపూర్ణం. మన మందుల డబ్బాల మీద 'సహజ కాల్షియం', 'దుష్ఫలితాలు ఏమాత్రం లేనిది' అనే వ్రాతలు చూస్తున్నాం. ప్రవాళం, ముత్యం, శంఖం, గవ్వ, ముత్యపు చిప్ప. ఇవన్నీ ప్రధానంగా కాల్షియం కార్బొనేటే. అనేక కాల్షియం మాత్రలలో ఉన్నదీ అదే. సముద్రం నుంచి వచ్చినదా, కర్మాగారం నుంచి వచ్చినదా అని రక్తం విచారించదు. మన పూర్వులు వీటిని గురిగింజ ఎత్తులలో తూచి, అనుపానం చెప్పి, మంట వంటి పిత్త లక్షణాలకు ప్రధానంగా వాడారు. 'కాల్షియం నింపడానికి' నెలల తరబడి చెంచాలతో వాడమని ఏ గురువూ నాకు చెప్పలేదు.

మొక్క నుంచి వచ్చినదంతా నిరపాయమన్న మాట కూడా మనం మానుకోవాలి. కండరంలోని తూముకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు రయనోడిన్ గ్రాహకం. దక్షిణ అమెరికాలో పెరిగే రయానియా అనే మొక్కలోని విషం నుంచి వచ్చిన పేరది. ఆ విషం నేరుగా తూమునే పట్టుకుంటుంది. ఏతాన్ని ఆపివేసే విషం మధ్యధరా తీరాలలో పెరిగే థాప్సియా మొక్కలో ఉన్నది. పచ్చని ఆకులోనే మందూ ఉంటుంది, విషమూ ఉంటుంది. మోతాదు తెలిసినవాడే వైద్యుడు.

మరొక మాట. చరకుడు వాత వ్యాధులను ఎనభైగా లెక్కించినప్పుడు పిక్కలు పట్టేయడాన్ని 'పిండికోద్వేష్టన'మని ప్రత్యేకంగా పేర్కొన్నాడు. దేహంలోని చలనాలకు వ్యాన వాయువు కారణమని మన శాస్త్రం చెబుతుంది. ఇది చూపి, "వ్యాన వాయువే కాల్షియం, మనవారికి అన్నీ ముందే తెలుసు" అని సభలలో చెప్పేవారున్నారు. నేను అంగీకరించను. పూర్వులు తమ కళ్ళతో చూసినదానిని తమ భాషలో చెప్పారు. వారు చెప్పని మాటను వారికి అంటగట్టడం గౌరవం కాదు. వారు చెప్పిన అభ్యంగం, స్వేదం, మితమైన వ్యాయామం నేటికీ ఉపకరిస్తున్నాయి. ఆ గౌరవం చాలు.

కాబట్టి మన తయారీదారులను నేను కోరేది ఒకటే. ప్రవాళం, శంఖం వంటివి ఉన్న ప్రతి మందు డబ్బా మీద, ఒక మోతాదులో కాల్షియం ఎన్ని మిల్లీగ్రాములున్నదో తెలుగులో ముద్రించాలి. దాచవలసిన రహస్యమేమీ అందులో లేదు.

గృహస్థులు చేయవలసినది

కాల్షియం వద్దని నేను అనడం లేదు. పెద్దవారికి రోజుకు వేయి మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో నిర్దేశించాయి. తెల్లని అన్నం, పలుచని చారుతో సరిపెట్టే ఇళ్ళలో అంత అందదు. దానికి మొదటి చికిత్స వంటింట్లోనే ఉన్నది. వంద గ్రాముల రాగులలో సుమారు మూడు వందల యాభై మిల్లీగ్రాములు, వంద గ్రాముల మునగాకులో మూడు వందలకు పైగా, పొట్టుతో ఉన్న నువ్వులలో వేయికి పైగా కాల్షియం ఉంటుంది. ఉదయం రాగి జావ, వారంలో రెండు మూడు సార్లు మునగాకు పప్పు, పూటపూటా పెరుగో మజ్జిగో, సాయంత్రం పిల్లలకు ఒక చిమ్మిలి ఉండ. ఇవి ఇంటిల్లిపాదికీ మంచివి. చర్మానికి కొంత ఎండ తగలాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎముకలు గుల్లబారినవారు వైద్యుడు వ్రాసిన కాల్షియం మాత్రలను ఈ వ్యాసం చదివి మానరాదు. ఎవరంతట వారు మొదలుపెట్టరాదు, ఎవరంతట వారు ఆపరాదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు దానికీ కాల్షియం మాత్రకూ నాలుగు గంటల ఎడం పాటించాలి. ఇనుము మాత్రతో కలిపి కాల్షియం వేసుకోరాదు. మూత్రపిండాలలో రాళ్ళున్నవారు, గుండెకు డిగాక్సిన్ వాడుతున్నవారు వైద్యునికి చెప్పకుండా కాల్షియం గాని, ప్రవాళ శంఖ భస్మాలు గాని ముట్టరాదు.

రాత్రి పిక్క పట్టేసినప్పుడు మోకాలు చాచి, కాలి వేళ్ళను ముఖం వైపుకు లాగి పట్టండి. లేవగలిగితే లేచి, మడమను నేలకు అదిమి నిలబడండి. సాగదీయడంతో పట్టు విడుతుంది. పడుకోబోయే ముందు గోడకు చేతులు ఆనించి, మడమలు లేవకుండా ముందుకు వంగి, పిక్కలను కొద్దిసేపు సాగదీయడం అలవాటు చేసుకోండి. గోరువెచ్చని నువ్వుల నూనెతో మృదువుగా మర్దన చేసి, వేడినీటి కాపడం పెట్టవచ్చు. ఒక కాలు మాత్రమే వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే మర్దన చేయరాదు. లోపల రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. వెంటనే వైద్యునికి చూపాలి. విపరీతమైన శ్రమ తరువాత గాని, స్టాటిన్ వాడుతుండగా గాని కండరాల నొప్పులతోపాటు మూత్రం నల్లగా వస్తే ఒక్కరోజు కూడా ఆగరాదు.

కండరాన్ని పనిచేయించడం అన్నిటికన్న ముఖ్యం. తూము తెరిచినప్పుడల్లా కాల్షియం మోసే కబురు కండరాన్ని ముడవడంతో ఆగదు. క్రమం తప్పకుండా శ్రమించే కండరంలో ఆ కబురు కణ కేంద్రకం దాకా వెళ్ళి, అలసటకు ఓర్చే విధంగా కండరాన్ని మలుస్తుంది. ఈ మేలు మాత్ర వల్ల రాదు. నడక వల్ల వస్తుంది. బలంలో సగం వరకే వ్యాయామం చేయమని వాగ్భటుడు హద్దు కూడా పెట్టాడు.

చివరిగా, ప్రతి ఇంట్లోను ఒక సంచి, ఒక పుస్తకం ఉంచుకోండి. ఇంటివారు వాడే మందులన్నీ, అవి ఇంగ్లీషు మాత్రలైనా, మా చూర్ణాలైనా, పక్కింటివారు చెప్పిన పొడులైనా, ఆ సంచిలో ఉండాలి. ఏ మందు రోజుకు ఎన్నిసార్లు, వారానికి ఎన్నిసార్లు అన్నది పుస్తకంలో పెద్ద అక్షరాలతో వ్రాయాలి. ఏ వైద్యుని దగ్గరకు వెళ్ళినా ఆ రెండూ తీసుకెళ్ళండి. "ఇవన్నీ నాకెందుకు" అనే వైద్యుడు ఎదురైతే, అతడు నా వంటి గురుకులంలో చదివినవాడైనా, విదేశాలలో చదివినవాడైనా, మరొకరిని చూసుకోండి.

ఆ గృహిణి ఇప్పుడు కులాసాగా ఉన్నారు. పీట మీద నుంచి తామే లేస్తున్నారు. అప్పుడప్పుడు నా దగ్గరకు వస్తారు. రాగానే సంచి తీసి బల్ల మీద గుమ్మరించి, "చూడండి వైద్యులుగారూ, ఈసారి ఏమీ దాచలేదు" అని నవ్వుతారు. ఆవిడ ఆనాడూ ఏమీ దాచలేదు. నేను అడగలేదు, అంతే.